పాలకాయతిప్పకు టామీతో

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి దాటి, అవనిగడ్డ మీదుగా కోడూరు చేరేసరికి దివిసీమ అంతా చూసేశామనుకుంటారు చాలామంది. అసలు దివిసీమ అక్కడినుంచే మొదలవుతుంది. వరిచేలు పలచబడి రొయ్యల చెరువులు వస్తాయి. చెరువులు కూడా అయిపోయాక గాలిలో ఉప్పు తగులుతుంది. హంసలదీవిలో వేణుగోపాలస్వామిని దర్శించుకుని ఇంకొంచెం ముందుకు పోతే పాలకాయతిప్ప. ఆ తరువాత రోడ్డు లేదు. కృష్ణ ఒక పాయగా వచ్చి సముద్రంలో కలుస్తున్నది, అంతే.

పాపుల మురికినంతా మోసి నల్లటి కాకిగా మారిన గంగ, ఇక్కడి సంగమంలో మునిగి తెల్లని హంసగా లేచిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి ఇసుక వేస్తే రాలనంత జనం. మిగతా రోజుల్లో మడ అడవులు, కొంగలు, ఒడ్డుకు లాగిన పడవలు, ఒక సముద్ర పోలీసు ఠాణా. మేము వెళ్ళింది సంక్రాంతి దాటిన ఒక ఆదివారం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే మావాడు, గుడివాడలో పశువైద్యుడుగా ఉన్న మా బావమరిది, వీళ్ళందరికంటె ముందు కారెక్కి కూర్చున్న టామీ.

టామీది గొప్ప జాతి ఏమీ కాదు. మా వీధిలో పుట్టి మా గడపలో స్థిరపడిన గోధుమరంగు కుక్క. దాన్ని తీసుకువెళదామని మావాడు పేచీపెట్టినపుడు మా బావమరిది ఒక షరతు పెట్టాడు. "దాని పెట్టె దానికి ఉండాలి బావగారూ. గన్నవరంలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నిజమే. కాని పాలకాయతిప్ప నుంచి అది సుమారు వంద కిలోమీటర్లు. ఆదివారంపూట మధ్యలో ఏ డాక్టరు దొరుకుతాడో, దొరకడో. మొదటి అరగంట మాత్రం మన చేతుల్లోనే ఉంటుంది."

ఆ పెట్టె అంటే ఏదో ఇంగ్లీషు షాపు సరకు అనుకున్నాను. తీరా చూస్తే పాత మిఠాయి డబ్బా. అందులో గాజుగుడ్డ, చుట్ట కట్టు, దూది, అంటుకునే పట్టీ, సెలైను నీళ్ళ సీసా, పోవిడోన్ అయొడిన్ మందు, మొన మొద్దుగా ఉన్న కత్తెర, పట్టుకారు, సూది లేని సిరంజి ఒకటి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, ఒక సబ్బుబిళ్ళ, చిన్న టార్చిలైటు, తీగలు తెగ్గొట్టే కటింగ్ ప్లయరు ఉన్నవి. మా ఆవిడ పాత నేత చీర చింపి ఇచ్చిన రెండు పొడుగాటి పేలికలు కూడా అందులో చేరినవి. అడుగున టామీ టీకాల కార్డు. "అన్నిటికన్నా విలువైన సామాను ఈ పేలికలే అక్కయ్యా" అన్నాడతను. ఎందుకో సాయంత్రానికిగాని మాకు బోధపడలేదు.

దారిపొడుగునా అతను చెప్పినవాటిలో మందు పేర్లకన్నా ఇవ్వకూడని మందుల పేర్లే ఎక్కువ. మనకు ఒళ్ళు నొప్పులు వస్తే వేసుకునే పారాసెటమాల్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్క లివరునో మూత్రపిండాలనో, కడుపు లోపలి పొరనో దెబ్బతీస్తాయట. అర మాత్రే గదా అని వేసేవాళ్ళు ఇంటింటా ఉంటారు. అలాగే విషం తిన్నదని ఉప్పునీళ్ళు పట్టి కక్కించడం. ఆ ఉప్పే విషమైపోయి ఫిట్లు వచ్చిన కుక్కలను తన బల్లమీద చూశానన్నాడు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్టు దానికి పెట్టనే కూడదట. మావాడు జేబులో చాక్లెట్టు తీసి గబుక్కున తన నోట్లో వేసుకున్నాడు.

కుక్కకు మామూలుగా ఉండే వేడి మనకంటె ఎక్కువ. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా జ్వరం కాదు. ఆ సంగతి తెలియక ముక్కు వెచ్చగా ఉందని బెంబేలు పడతాం. బాగున్న రోజున ఒకసారి దాని పెదవి ఎత్తి చిగురు చూసిపెట్టుకోవాలి. వేలితో నొక్కితే తెల్లబడి, వదిలిన రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడుతుంది. ఆలస్యమైనా, చిగురే పాలిపోయి ఉన్నా, రక్తం సరిగా ఆడటం లేదన్నమాట. ఇక లెక్కలు వేయకుండా బయలుదేరాలి.

సముద్రం చూడగానే టామీకి పిచ్చి ఆనందం. మా బావమరిది మాత్రం గొలుసు వదలనివ్వలేదు. అలివ్ రిడ్లే తాబేళ్ళు చలికాలం చివర ఈ తీరాన ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెట్టిపోతాయి. కుక్కలకు ఆ వాసన తగిలిందంటే గుంత తవ్వి గుడ్లన్నీ తినేస్తాయి. అదొకటి. రెండోది, దాహానికి అలల నీళ్ళే తాగేస్తుంది. కొంచెమైతే విరేచనాలతో పోతుంది, ఎక్కువైతే మెదడుకు ఎక్కుతుంది. అంచేత ఇంటినుంచి క్యాను నిండా మంచినీళ్ళు, గిన్నె తెచ్చాము. ఎండ ముదిరాక ఇసుకమీద అరచేయి ఆనించి ఏడు లెక్కపెట్టమన్నాడు మావాణ్ణి. నాలుగుకే తీసేశాడు. "మరి అది చెప్పులు లేకుండా నడుస్తున్నదిగదా" అన్నాడు మేనమామ. కుక్కకు ఒంటికి చెమట పట్టదు. నాలుక చాపి రొప్పటమే దాని విసనకర్ర. రొప్పు ఆగక, చొంగ చిక్కబడి, తూలిందంటే వడదెబ్బే. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, విసురుతూ ఉండాలి. ముందు చల్లబరచాలి, ఆ తరువాతే కారెక్కించాలి. వేడి 103.5కు దిగగానే నీళ్ళు ఆపాలి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది.

పాము సంగతి మోపిదేవిలోనే వచ్చింది. అక్కడ సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి సర్పరూపంలో కొలుస్తారు. 2018 వానల్లో దివిసీమ పొలాల్లో పాముకాట్లు ఎంత ఎక్కువైనవంటే, ఆ ఆగస్టులో ఆ గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. వరిగట్లున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట నాగుపాము, రక్తపింజర. కుక్క వాసన చూస్తూ పోతుంది గనుక కాటు తరచు మూతిమీదో ముంగాలిమీదో పడుతుంది. అపుడు మెడపట్టా వెంటనే తీసేయాలి, వాపు వచ్చిందంటే అదే ఉరి. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఏవీ పనికిరావు. నడవనివ్వకుండా ఎత్తుకుని పోవాలి. విషానికి విరుగుడు మందు ఒక్కటే. మనుషులకు వాడే ఆ మందే కుక్కకూ పనిచేస్తుంది. అది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరి ఈ నాలుగింటికే. వలలో పడిన సముద్రపు పాముకు కాదు. ఇంకొక మాట ఆశ్చర్యం అనిపించింది. మందు మోతాదు కుక్క బరువునుబట్టి కాదు, పాము ఎక్కించిన విషాన్నిబట్టి. చిన్న కుక్క గదా అని తగ్గించేందుకు లేదు. ఈ మందు ప్రతి పశువుల ఆసుపత్రిలోనూ ఉండదు గనుక, కారు నడిపేవాడు నడుపుతుంటే పక్కవాడు ఫోనుచేసి మందు ఎక్కడున్నదో కనుక్కోవాలి. పశువుల అంబులెన్సుకు 1962 నంబరు ఉంది. ఆ నంబరు అందరికంటె ముందు మా ఆవిడకే కంఠతా వచ్చింది, అది వాళ్ళ నాన్నగారి పెళ్ళయిన సంవత్సరమట.

ఒడ్డున వల దులిపినచోట పనికిరాని చేపలు ఎండుతూ ఉంటాయి. వాటిలో బెదిరితే బుంగలా ఉబ్బే ముళ్ళచేప ఒకటి. దాని కాలేయంలో, గుడ్లలో ఉండే విషానికి విరుగుడు లేదు. కాళ్ళు పడిపోయి, చివరికి ఊపిరి ఆగిపోతుంది. టామీ అటు మూతి చాపినప్పుడల్లా మావాడు గొలుసు లాగుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పేవేళకు, పడవల దగ్గర ఏదో కుక్క ఏడుపు వినిపించింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే వాడి తాత. "బాబుగారూ, మీలో పశువుల డాక్టరుగారు ఉన్నారంట, రోడ్డుమీద టీకొట్టువాడు చెప్పాడు. మా నల్లోడి కాలికి గేలం దిగిందయ్యా."

నల్లోడు నిజంగానే నల్లగా ఉన్నాడు. ముంగాలి మెత్తమీద పెద్ద గేలపుముల్లు, లోపలికి సగం. పిల్లవాడు దాని తల ఒళ్ళో పెట్టుకుని బుజ్జగిస్తున్నాడు. మా బావమరిది ముందుగా పిల్లవాణ్ణి దూరంగా జరిపాడు. "నొప్పిలో ఉన్న కుక్కకు యజమాని, పరాయి అని తేడా ఉండదు తాతా" అని చీర పేలిక ముడివేసి మూతికి తగిలించి, గడ్డంకింద మెలిపెట్టి చెవుల వెనక కట్టాడు. మరీ రొప్పుతున్న కుక్కకు, వాంతి చేసుకునే కుక్కకు ఇలా కట్టకూడదట. మొద్దుబారే ఇంజెక్షను ఇచ్చి, ముల్లును వెనక్కు లాగకుండా ముందుకే తోసి, మొన బయటికి రాగానే కొక్కెం ఉన్న చివర ప్లయరుతో తెగ్గొట్టి, మిగిలింది వచ్చినదారినే తీసేశాడు. "మా వేళ్ళకు దిగినా మేం చేసేది ఇదేగా" అని నవ్వాడు తాత. రక్తం వస్తున్నచోట గాజుగుడ్డ మడత పెట్టి, తీసితీసి చూడకుండా అయిదు నిమిషాలు అదిమి పట్టుకోమన్నాడు మావాణ్ణి. ఆగిపోయింది. అదే గేలం నోట్లోనో గొంతులోనో ఉంటే, దారం వేలాడుతున్నాసరే ఎవరూ లాగకూడదు. అది ఆసుపత్రి పని.

అంతా అయిపోయిందనుకుంటుండగా అతని చూపు పిల్లవాడి మోచేతిమీద పడింది. సున్నం, పసుపు కలిపి పూసిన చార.

"ఇదేమిటి?"

"ఏంలేదయ్యా, మొన్న గేలం తీయబోతే నల్లోడి పన్ను గీరుకుంది. రక్తమైనా రాలేదు."

"నల్లోడికి టీకా వేయించారా?"

తాత మాట్లాడలేదు.

అప్పటిదాకా నవ్వుతూ తుళ్ళుతూ ఉన్న మా బావమరిది గొంతు మారిపోయింది. సబ్బుబిళ్ళ తీసి, క్యానులో మిగిలిన మంచినీళ్ళు ధారగా పోయిస్తూ, పూసిన పూత అంతా పోయేదాకా పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగించాడు. పిచ్చికుక్క వ్యాధి క్రిమి చొంగలో ఉంటుంది. రక్తం రానవసరం లేదు, చర్మం గీరుకుంటే చాలు. ఒకసారి లక్షణాలు బయటపడితే మందులేదు. కారం, సున్నం పూస్తే గాయం రేగుతుందేగాని క్రిమి చావదు. సబ్బు నీళ్ళకు చాలావరకు చస్తుంది, వెంటనే కడిగితే మరీ మంచిది, రెండు రోజులు గడిచినా కడగటం మానకూడదు.

"బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడుస్తారని దాస్తున్నాడయ్యా వీడు" అన్నాడు తాత. వాడికి ఆ మాట చెప్పి భయపెట్టింది తాతేనని వాడి చూపే చెబుతున్నది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1885లో పాశ్చర్ తొలిసారి ఒక కుర్రవాడికి ఈ టీకా వేశాడు. 1907లో నీలగిరుల్లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలసింది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడునుంచి చేసిన టీకాయే మన తాతలు, తండ్రులు పొట్టమీద పొడిపించుకున్నది. 2005 నాటికి మన దేశంలో దాన్ని మానివేశారు. ఇప్పుడు వేసేది చేతికే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు చర్మంలోకి వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ సీరం కూడా ఎక్కించాలి.

ఇంత చెప్పినా పిల్లవాడు కదలలేదు. మావాడు తన చొక్కా చెయ్యి పైకి మడిచి, నిరుడు తనకు ఇదే సూది ఎక్కడ వేశారో చూపించాడు. అపుడు లేచాడు. పులిహోర అక్కడే టీకొట్టువాడికి ఇచ్చేసి, తాతనూ మనవణ్ణీ కారెక్కించుకుని కోడూరు దారి పట్టాము. టామీ మా ఆవిడ ఒళ్ళో సర్దుకుంది. మొదటి సూది ఆ సాయంత్రమే పడింది. పిల్లవాడు ఏడవలేదు, "ఇంతేనా" అన్నాడట.

నల్లోడిని పదిరోజులు కట్టేసి, తిండి తింటున్నాడా, గొంతు మారిందా, తిక్కగా ఉన్నాడా చూస్తూ ఉండమని తాతకు పురమాయించాడు మా బావమరిది. కరిచిన కుక్క పదిరోజులూ ఆరోగ్యంగా ఉంటే, కరిచిననాడు దాని చొంగలో క్రిమి లేనట్టే లెక్క. అలాగని కుక్కను చూసి తేల్చుకుందామని పిల్లవాడి సూది ఆపకూడదు. కొట్టి చంపేస్తే ఆ సంగతి తెలుసుకునే దారే పోతుంది.

పదకొండో రోజు పొద్దున తాత ఫోను చేశాడు. నల్లోడు తాడు కొరికేసుకుని, పడవకింద కవ్వళ్ళు తింటున్నాడట. పిల్లవాడికి మూడు సూదులు అయినవి, నాలుగోది మిగిలింది. వచ్చే ఆదివారం మా బావమరిది ఆ ఒడ్డున ఉన్న కుక్కలన్నిటికీ టీకా వేయడానికి మళ్ళీ వెళుతున్నాడు. పదహారు ఉన్నాయని లెక్క. మిఠాయి డబ్బాలో ఈసారి సబ్బుబిళ్ళలు రెండు పెట్టింది మా ఆవిడ, ఇంకొక పాత చీరకోసం బీరువా వెదుకుతున్నది.