పర్మనెంట్ అడ్రస్

'మీకేంది, అరబ్బు దేశాలు మీవే గదా' అంటరు మమ్ముల జూసి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినోళ్లల్ల హిందువులున్నరు, ముస్లింలున్నరు. అక్కడ ఇద్దరూ కఫీల్ కిందోళ్లే. అరబ్బులకు మేమూ 'హిందీ'లమే.

సౌదీకి భార్యాపిల్లల్ని తీస్కపోయినోళ్ల మీద 2017 జూలైల పన్ను పడ్డది. వెంట ఉన్నోళ్లకు తలకు నెలకు 100 రియాళ్లు; 2020 నాటికి 400. లెక్క కుదరక ఎందరో పిల్లల్ని వాపస్ పంపిండ్రు. 2019ల శాశ్వత ఇకామా తెచ్చిండ్రు. దాని రుసుం 8 లక్షల రియాళ్లు! కల్మా ఒక్కటే అయినా రాయితీ లేదు.

మా తాత, అబ్బాల ఖబర్లు కోరుట్లల ఉన్నయ్. మేం ఎక్కడోళ్లమని అడిగేటోళ్లకు ఆ ఖబ్రస్తానే చూపిస్తం.