కాలిన డయోడ్

కారు స్టీరియో మూత తీయగానే మాడు వాసన. బోర్డులోకి కరెంటు వచ్చే చోట ఒక డయోడ్ నల్లబడింది. బ్యాటరీ మార్చినప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే, ఆ డయోడ్ కరెంటును తన మీదుగా మళ్ళించి ఫ్యూజు ఎగిరేలా చేస్తుంది. వెనకున్న యాంప్లిఫయర్ ఐసీ బతుకుతుంది. ఇందులో ఎవరో ఫ్యూజుకు బదులు లావుపాటి రాగి తీగ చుట్టారు. తీగ తెగలేదు, డయోడే కాలింది. ఆ చిన్న ముక్క మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

మల్టీమీటరు పెడితే రెండు వైపులా కూత, అంటే షార్టు. కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది కొద్ది రూపాయలకే దొరుకుతుంది. టంకం పెట్టేముందు దాని మీది గీత ఏ వైపుండాలో చూసుకోవాలి. సెట్టే మార్చేయమంటారు చాలామంది. ఇలాంటి వాటికి అక్కర్లేదు. ఎంత తొందరున్నా సరే, ఫ్యూజు స్థానంలో తీగ మాత్రం పెట్టకండి.