దుర్భిణి నడక

దూరాన ఉన్న వస్తువును దగ్గరగా చూపే పరికరానికి మన భాషలో రెండు పేర్లున్నాయి. గ్రంథాలలో దానిని దూరదర్శిని అంటారు; మా బద్వేలు పెద్దలు దుర్భిణి అంటారు. ఈ రెండవ మాట పారసీకంలోని దూర్‌బీన్. ఉర్దూ మాట్లాడేవారు నేటికీ అలాగే పలుకుతారు. సంస్కృతంలోని ‘దూరము’, పారసీకంలోని ‘దూర్’ ఒకే కుదురునుండి పుట్టిన మాటలని భాషావేత్తలు చెబుతారు. తెలుగు, ఉర్దూ రెండూ వినవచ్చే కళాశాలలో ఈ పరికరం ఇరువురికీ చుట్టమే. అయితే ఏ పేరుతో పిలిచినా, చూపడమొక్కటే దాని పని అని మనం భావిస్తాం. నిజానికి దుర్భిణి చూపాలంటే ముందు నడవాలి. ఆ నడకను గురించి, అది ఆగిపోయినప్పుడు మా కళాశాలలో కొందరం నేర్చుకొన్న పాఠాన్ని గురించి ఇక్కడ ముచ్చటిస్తాను. తెలుగు బోధించేవానికి మోటార్లతో, తీగలతో ఏమి పని అని పాఠకులు నవ్వుకోవచ్చు. చివరిదాకా చదివిన తరువాత నవ్వవలసిందిగా మనవి.

భూమి తన చుట్టూ తాను తిరగడానికి, నక్షత్రాలను ఆనవాలుగా పెట్టుకొని లెక్కిస్తే, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. అందువలన ఆకాశం గంటకు సుమారు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుతున్నట్లు కనిపిస్తుంది. పూర్ణచంద్రుని వెడల్పు అర డిగ్రీ. అంటే రెండు నిమిషాలలో ఆకాశం ఒక చందమామ వెడల్పంత ముందుకు సాగిపోతుంది. వట్టి కంటికి ఈ కదలిక తెలియదు. దుర్భిణి వస్తువును ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో, ఈ కదలికనూ అన్ని రెట్లు పెద్దది చేస్తుంది. పావు డిగ్రీ మేర మాత్రమే కనబడే కటకంలో శనిగ్రహం ఒక అంచున ప్రవేశించి నిమిషంలో రెండవ అంచున నిష్క్రమిస్తుంది. పల్లెనుండి వచ్చి వరుసలో నిలిచిన విద్యార్థిని కన్ను ఆనించేసరికి అక్కడ చీకటి తప్ప మరేమీ ఉండదు. కనుకనే భూమి అక్షానికి సమాంతరంగా దుర్భిణికి ఒక ఇరుసు అమర్చి, భూమి ఎంత వేగంతో తూర్పుకు తిరుగుతుందో అంతే వేగంతో పరికరాన్ని పడమటికి తిప్పుతారు.

మన తెలుగునేలపై ఈ నడకకు చరిత్ర ఉన్నది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులోని ఫిసల్ బండలో ఖగోళ పరిశోధనాలయాన్ని నెలకొల్పారు. 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. తరువాత అది బేగంపేటకు తరలింది. 1887లో పారిస్ సమావేశం సంకల్పించిన అంతర్జాతీయ ఆకాశ పట నిర్మాణంలో, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీని చిత్రించే బాధ్యత హైదరాబాదు వహించింది. ఆ కాలపు పెద్ద దుర్భిణులు గడియారపు యంత్రాలతో నడిచేవి. గొలుసుకు వేలాడే బరువు మెల్లగా దిగుతూ ఉంటే పళ్ళచక్రాలు తిరిగేవి. ఫలకంపై నక్షత్రం చుక్కగా పడాలే గాని గీతగా సాగరాదు. అందుకని ఛాయాచిత్రం తీసినంతసేపూ ఒక పరిశీలకుడు పక్కనున్న చిన్న దుర్భిణిలో కన్నుంచి, ఒకే నక్షత్రాన్ని అడ్డుగీతల కూడలి దాటకుండా కాపాడేవాడు. తరువాత 1968లో జపాల్‌–రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్భిణి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుండి పరిశీలించారు. లోకంలో బరువుల స్థానాన్ని క్రమంగా మోటారు, మోటారును అదుపుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె ఆక్రమించాయి. సుఖం పెరిగింది, ఒక చిక్కూ పెరిగింది. గొలుసు తెగితే కంటికి కనబడుతుంది. పెట్టెలో విద్యుత్తు దారి తెగితే కంటికి కనబడదు. దానిని బుద్ధితో వెదకాలి.

మా కళాశాలలోని చిన్న దుర్భిణి విద్యార్థుల రుసుములనుండి కూడబెట్టిన సొమ్ముతో కొన్నది. లంకమల అడవి వైపు నుండి ఆకాశం నల్లగా, నిర్మలంగా కనబడే ఊరు మాది. వానలు తక్కువైన నేలకు ఆకాశమైనా ఉదారంగా దక్కింది కదా! అటువంటి చోట పరికరం మొరాయించడం మాకు బాధ కలిగించింది. మీట వేయగానే చక్కగా నడిచేది. కొన్ని నిమిషాలకు మోటారు వణుకుతూ ఉన్నచోటనే నిలిచిపోయేది. మరునాడు ఉదయం చూస్తే మళ్ళీ నడిచేది. అమ్మినవారిని సంప్రదించగా, బాగుచేయడం జరగదనీ, పెట్టెనంతా మార్చుకోవాలనీ సమాధానం వచ్చింది. ఆ వెలకు గ్రంథాలయానికి ఒక బీరువా నిండా పుస్తకాలు వస్తాయి. పుస్తకాలా, పెట్టెనా అన్న ప్రశ్న కమిటీ ముందుకు వెళ్ళవలసి వచ్చింది.

ఈలోగా భౌతికశాస్త్రం బోధించే మా మిత్రులు బజారులోని ఒక వృద్ధ రేడియో మెకానిక్‌ను పిలిపించారు. ఊరంతా ఆయనను చాచా అంటుంది. మేమూ అలాగే పిలుస్తాం. ఆయన పెట్టె విప్పలేదు. ముందు ఒక ప్రశ్న వేశారు. “ఎంతసేపటికి నిలిచిపోతాంది సార్?” అని. మాలో ఎవరివద్దా సమాధానం లేదు. తెలుగు సాహిత్యం చదివే మా విద్యార్థిని ఒకామె తన నోటుపుస్తకం తెరిచింది. ప్రతి రాత్రీ ఆమె రాసిపెట్టుకొన్నది: ఉక్క పోసిన రాత్రులలో 9 నిమిషాలు, 11 నిమిషాలు, చలిగాలి వీచిన రాత్రి 21 నిమిషాలు. చాచా ఆ పుటను రెండుసార్లు చదివించుకొని, “ఈ పాప సగం పని చేసేసింది. ఇది వేడికి పుట్టే రోగం” అన్నారు.

తరువాత పెట్టె విప్పారు. “ఆత్రపడొద్దు సార్. పెట్టె చెడిపోయినాదంటే మనకేమీ తెలియనట్టే. బాగుండేదాన్ని ఒక్కోటే పక్కన పెట్టుకుంటా పోదాం. మిగిలినదాంట్లోనే దొంగ ఉంటాడు” అన్నది ఆయన పద్ధతి. మోటారు వణుకుతున్న సమయంలోనే బ్యాటరీని కొలిచారు. 12 వోల్టులూ ఉన్నాయి. లోపలి రెగ్యులేటర్ ఇవ్వవలసిన 5 వోల్టులూ ఇస్తున్నది. మోటారు తీగచుట్టల నిరోధాన్ని కొలవగా అన్నీ సమానంగా ఉన్నాయి; కనుక మోటారు నిర్దోషి. ఆ మోటారుకు నాలుగు దారులలో వంతులవారీగా విద్యుత్తు అందాలి. అందుకు నాలుగు ట్రాన్సిస్టర్లున్నాయి. ఒక్కొక్క దారికి ఒక చిన్న దీపం తగిలించగా మూడు మినుకుమన్నాయి, నాలుగవది వెలగలేదు. నాలుగు కాళ్ళ జంతువుకు ఒక కాలు పడిపోతే నడవలేక వణికినట్లే ఉన్నది మోటారు స్థితి. నాలుగవ ట్రాన్సిస్టరుకు ఆజ్ఞ చేరుతున్నది. దానినుండి ఫలితం బయటికి రావడం లేదు. చాచా స్పిరిటులో ముంచిన దూదిని దానికి అద్దారు. చల్లబడగానే దీపం వెలిగింది, మోటారు కదిలింది. వేడెక్కగానే మళ్ళీ ఆరింది.

ట్రాన్సిస్టరు మార్చుదామని మా మిత్రులన్నారు. “తల తీసేముందు కాలు చూడండి సార్” అని చాచా భూతద్దం అందించారు. ట్రాన్సిస్టరు కాలిని బోర్డుకు అతికించిన టంకం చుట్టూ వెంట్రుకకంటె సన్నని వలయాకారపు బీట కనబడింది. లోహమూ బోర్డూ వేడికి ఒకే కొలతలో వ్యాకోచించవు. ప్రతి రాత్రీ వేడెక్కి, ప్రతి ఉదయం చల్లారి, ఆ అతుకు అలసిపోయింది. చల్లగా ఉన్నప్పుడు అంచులు తాకేవి, వేడెక్కగానే విడిపోయేవి. పాత టంకం తీసి కొత్త టంకం వేయడానికి పది నిమిషాలు పట్టింది. ఒక్క విడిభాగం కూడా మార్చలేదు. ఆ రాత్రి శనిగ్రహం గంటన్నరసేపు కటకం నడుమ కదలక నిలిచింది. వరుసలోని చివరి విద్యార్థి కూడా ఉంగరాలు చూచిన తరువాతనే ఇంటికి వెళ్ళాడు.

ఈ పద్ధతి మన సీమకు కొత్తది కాదు. బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు శ్రమించిన సంగతి అందులో ఉన్నది. అంతటితో ఆగక, మంచి చెరువుకు 12 అంగాలనూ, చెరువుకు రాగల ఆరు దోషాలనూ అది లెక్కించి చెప్పింది. కట్టనుండి నీరు ఊరడం, చవుడు నేల, నడుమ మెరక, నీటికి మించిన ఆయకట్టు, ఇలా ఒక్కొక్క దోషం విడివిడిగా పేర్కొనబడింది. ‘చెరువు చెడ్డది’ అన్న మాటతో ఆ శాసనకర్త తృప్తిపడలేదు. దోషానికి పేరు పెట్టగలిగితేనే దానికి మందు దొరుకుతుందని కరవుసీమ ఆనాడే గ్రహించింది.

విద్యార్థినీ విద్యార్థులారా! ‘లెక్కలు రావు’, ‘వ్యాకరణం రాదు’ అని మీలో కొందరు మిమ్మల్ని మీరే పనికిరాని పెట్టెలుగా నిర్ణయించుకొంటారు. అది రోగనిర్ణయం కాదు, రోగికి విధించిన శిక్ష. సంధి వచ్చునా, సమాసం వచ్చునా అని ఒక్కొక్క అతుకును పరీక్షించి చూడండి. తొంభై పాళ్ళు బాగున్నదనీ, చెడినది ఒక్క అతుకేననీ తేలుతుంది. అయితే ఒక హెచ్చరిక: చాచా విప్పినది బ్యాటరీతో నడిచే పెట్టె. ఇంటి కరెంటుతో నడిచే పెట్టెలలో తీగ ఊడదీసిన తరువాత కూడా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. తెలిసినవారు పక్కన లేకుండా వాటిని తెరవరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. వస్తువులు కొనడానికి మన పద్దులలో చోటున్నది; వాటిని బాగుచేసుకోవడానికి లేదు. ఒక మల్టీమీటరు, ఒక టంకపు కడ్డీ, ఒక భూతద్దం, ప్రతి పరికరం పక్కన ఒక నోటుపుస్తకం ఏర్పాటు చేయగలిగితే, చాచా వంటివారిని నెలకొకసారి గౌరవంగా పిలిచి మన పిల్లలకు పాఠం చెప్పించవచ్చు. మిగిలిన సొమ్ముతో ఆ బీరువా పుస్తకాలు కూడా తెప్పించవలసిందిగా తెలుగు శాఖ తరఫున కోరుతున్నాను.