చచ్చినవాడు బతికే ఆట

29 ఆగస్టు 2025, శుక్రవారం రాత్రి

ఏడేళ్ళకి ప్రో కబడ్డీ మళ్ళీ మా ఊరొచ్చింది. ఏ షిఫ్టు దిగి ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని, చిన్నదాన్ని బండెక్కించుకుని ఉక్కునగరం నుంచి పోర్టు ఇండోర్ స్టేడియానికి వెళ్ళాను. 2014లో మొదటి సీజన్‌కి తెలుగు టైటాన్స్ సొంతగడ్డ ఇదే. 2018 డిసెంబరులోనూ ఇక్కడే చూశాను. అప్పటికి ఇది రెండేళ్ళ పిల్ల, హాలంతా హోరెత్తుతుంటే వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయింది.

ఇవాళ తమిళ్ తలైవాస్‌తో ఆట. 35-38తో ఓడిపోయాం. మూడంటే మూడు పాయింట్లు. గొంతు పోయింది, బాధ మాత్రం పోలేదు.

ఆట మధ్యలో చిన్నది నా చెయ్యి గుంజి, "నాన్నా, ఆళ్ళంతా అక్కడ కూకున్నారేటి?" అని అడిగింది. గీత అవతల బెంచీ మీద వరసగా కూర్చున్న మనవాళ్ళని చూపిస్తోంది.

"చచ్చిపోయారమ్మా."

"మరెలా బతుకుతారు?"

"మనవాడు కూతకెళ్ళి అవతలివాణ్ణి ఒకణ్ణి ముట్టుకొస్తే ఇక్కడ ఒకడు బతుకుతాడు. అవతలివాడు కూతకొచ్చినప్పుడు పట్టేసినా ఒకడు బతుకుతాడు. ముందు చచ్చినవాడే ముందు లేస్తాడు."

అంతే, ఆ తర్వాత అది స్కోరు బోర్డు వంక చూస్తే ఒట్టు. బెంచీ మీదివాళ్ళనే చూసింది. ఒకడు లేచి లోపలికి పరుగెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. ముప్పై ఏళ్ళుగా ఈ ఆట చూస్తున్నాను. సంక్రాంతికి మా ఊరి ఇసకలో మోకాళ్ళు చెక్కుకుపోయేలా చెడుగుడు ఆడాను. ఇలా చూడాలని నాకెప్పుడూ తోచలేదు.

31 ఆగస్టు, ఆదివారం

నిన్న యూపీ యోధాస్ చేతిలోనూ ఓడాం. సొంత ఊళ్ళో రెండాటలూ పోయాయి. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

టైటాన్స్ అభిమానికి ఒక పాత జబ్బుంది. ఒక్కడొస్తాడు, అందర్నీ గట్టెక్కిస్తాడు అన్న నమ్మకం. మొదటి సీజన్ నుంచి ఆరో సీజన్ దాకా ఆ ఒక్కడు రాహుల్ చౌదరి. అతను కూతకి లేస్తే నేనూ కుర్చీలోంచి లేచేవాణ్ణి. ఇప్పటికీ అతనంటే ప్రాణం. తర్వాత 2019 వేలంలో సిద్ధార్థ్ దేశాయ్‌కి కోటీ 45 లక్షలు పెట్టారు. 2023లో పవన్ సెహ్రావత్‌కి రెండు కోట్ల 60 లక్షలు దాటించారు. అప్పటికి లీగులో అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజన్లో 22 ఆటల్లో మనం గెలిచినవి రెండు.

తప్పు పవన్‌ది కాదు. 2019లో బెంగళూరు బుల్స్ తరఫున ఒకే ఆటలో 39 రెయిడ్ పాయింట్లు తెచ్చినవాడతను. లెక్క ఎక్కడ తప్పిందో చిన్నదాని మాటతో ఇప్పుడు నాకు తెలిసింది. ఎంత గొప్ప రెయిడరైనా పట్టుబడ్డాక బెంచీ మీద కూర్చోవలసిందే. అతన్ని బతికించవలసింది వెనక నిలబడి అవతలి రెయిడర్‌ని పట్టే కార్నర్లూ కవర్లూ. వాళ్ళు ఒక చీలమండ పట్టి ఆపితేనో, ఇంకో రెయిడర్ ఒకణ్ణి ముట్టుకొస్తేనో గాని కోట్ల ఆటగాడు లోపల అడుగు పెట్టలేడు.

ఇంకొకటి కూడా రాసిపెట్టుకోవాలి. బోనస్ పాయింటు స్కోరు పెంచుతుంది కానీ ఎవర్నీ బతికించదు. అందుకే బోనస్ గీత తొక్కి వచ్చేసేవాడి కంటే, పోతే పోయానని లోపలికి దూరి ఒకణ్ణి ముట్టుకొచ్చేవాడే నా లెక్కలో పెద్ద రెయిడర్. 2017లో పట్నా పైరేట్స్ తరఫున పర్దీప్ నర్వాల్ ఒక్క కూతలో ఎనిమిది పాయింట్లు తెచ్చాడు. ఎదుట కోర్టు మొత్తం ఖాళీ అయిపోయింది. జనం అతని డుబ్కీ గురించి చెబుతారు, బారుగా చాచిన చేతుల కింద నుంచి పాములా జారిపోవడం గురించి. ఇకమీదట నేను అతని కూతలు మళ్ళీ పెట్టి చూస్తే, అతని వెనక బెంచీ మీంచి ఎంతమంది లేచారో చూస్తాను.

7 సెప్టెంబరు, ఆదివారం

గురువారం జైపూర్ మీద గెలిచాం! ఈ సీజన్లో మొదటి గెలుపు. విజయ్ మలిక్ నాయకత్వంలో మనవాళ్ళు ఒకరికొకరు అడ్డం పడి ఆడారు. చేతులు గొలుసులా పట్టుకుని ఒక్క అడుగు వేసినట్టు కదులుతుంటే, మా ఎస్‌ఎంఎస్‌లో (స్టీల్ ప్లాంటులో ఉక్కు కరిగించే విభాగంలో) ఒక హీట్ ఉక్కు తీసే వేళ గుర్తొచ్చింది. క్రేన్‌వాడు, కింద సైగ చేసేవాడు, కన్వర్టర్ దగ్గర నిలబడ్డవాడు, ముగ్గురిదీ ఒకటే ఊపిరి.

డల్లాస్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ళకీ ఆ రోజే ఫుట్‌బాల్ సీజన్ మొదలైందట. "అన్నయ్యా, మా కౌబాయ్స్ 24-20తో ఓడిపోయారు" అన్నాడు పొద్దున్నే ఏడుపు గొంతుతో. అది కాళ్ళతో ఆడే ఫుట్‌బాల్ కాదు. క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు, బంతి ఎవరికి వెయ్యాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి, ఆలోగా ఎదుటివాళ్ళు కొండల్లా మీద పడతారు. మన రెయిడర్‌కి 30 సెకన్లయినా ఉంటాయి. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఆఖర్లో బంతులు చక్కగానే వేశాడట, అందుకోవలసిన సీడీ ల్యాంబ్ చేతుల్లోంచి జారాయి. జారవిడిచినవాడు తప్పు నాదేనని ఒప్పుకున్నాడట. అయినా ఊళ్ళో సగంమంది క్వార్టర్‌బ్యాక్‌నే తిడుతున్నారని తమ్ముడి బాధ.

ఇంకో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ సంగతీ వాడే చెప్పాడు. 2000లో ఆటగాళ్ళని ఎంచుకునేటప్పుడు అతని వంతు 199వది. అతనికంటే ముందు 198 మందిని ఏరుకున్నారు. చివరికి ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. ఎంపికలో వచ్చిన వంతయినా, వేలం పాటలో పలికిన ధరయినా మనిషి ధర కాదని అమెరికాలోనూ రుజువైందన్నమాట.

14 సెప్టెంబరు, ఆదివారం

లీగు జైపూర్ వెళ్ళిపోయింది. ఇల్లు బోసిగా ఉంది. చిన్నదానితో కూర్చుని ఛోటా భీమ్ కార్టూన్ చూశాను.

ఈ భీముడు మనవాడే. హైదరాబాదులో రాజీవ్ చిలక 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ చేతుల మీద పుట్టి, 2008లో పోగో చానల్లోకి వచ్చాడు. మా పెద్దాడు వాడితోనే పెరిగాడు. అయితే చిన్నదానికి భీముడికంటే కాలియా అంటే ఇష్టం. కాలియా ప్రతిసారీ పన్నాగం పన్నుతాడు, ఢోలూ భోలూలని వెంటేసుకుని బోర్లా పడతాడు. మర్నాడు మళ్ళీ అదే పొట్ట వేసుకుని హాజరు. "నాన్నా, కాలియా బెంచీ మీద కూకోడు కదా" అంది. నిజమే. మంచి హాస్యం ఎవర్నీ చంపదు. పడ్డవాణ్ణి దులిపి మళ్ళీ ఆటలోకి పంపుతుంది. భీముడు లడ్డు తిని గెలుస్తాడని ముందే తెలుసు. నవ్వు పుట్టేదంతా కాలియా దగ్గరే. జట్టులో రెయిడర్‌కి కార్నర్ ఎలాగో, భీముడికి కాలియా అలాగ.

నాకున్న కోరిక ఒక్కటే. ఆ మాటలు మన మాటల్లా ఉండాలి. హైదరాబాదులో పుట్టిన పిల్లాడు హిందీ చుట్టూ తిరిగి డబ్బింగయి మన ఇంటికొస్తుంటే, దారిలో సగం నవ్వు రాలిపోతోంది. ఈ సీజన్లో టైటాన్స్ తొలి ఆట ఆడిన ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. జనం నోట్లో మాట పుస్తకంలోకి రావాలని మా శ్రీకాకుళం వైపు పుట్టిన మనిషి జీవితమంతా పోరాడారు. ఆ మాట కార్టూన్లలోకి కూడా రావాలి. కాలియా ఒక్కసారి "ఏటి సేత్తన్నావురా భీమా" అంటే మా ఇల్లు నవ్వుతో దద్దరిల్లిపోదూ!

తమ్ముడు పంపిన సింప్సన్స్ కూడా కొంచెం చూశాను. 1989 నుంచి ఇప్పటికీ నడుస్తోంది. అందులో తండ్రి హోమర్ ఒక అణు విద్యుత్ ప్లాంటులో పనివాడు. ప్లాంటు నుంచి ఇంటికొచ్చే తండ్రిని కార్టూన్లో చూడటం నాకిదే మొదటిసారి. మన ఉక్కునగరం క్వార్టర్స్ మీద, సీ షిఫ్టు నాన్నల మీద అలాంటిది ఒకటి రావాలి. చూసే ఇళ్ళు ఇక్కడ వేలున్నాయి.

28 అక్టోబరు, మంగళవారం

మొంథా తుపాను. పొద్దుటినుంచి ఒకటే వాన, ఈదురుగాలి. స్కూళ్ళకి సెలవు. సాయంత్రం కరెంటు పోతే సెల్‌ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, నలుగురం దుప్పటి కప్పుకుని చూశాం. ఢిల్లీలో ఎలిమినేటర్. పట్నా మీద 46-39తో గెలిచాం! భరత్ హుడా కూతకి వెళ్ళినప్పుడల్లా చిన్నది ఊపిరి బిగబట్టింది. అతను వెనక్కి రాగానే చేతిలో పెన్సిలు కదిలింది. ఏం రాస్తోందో అడగలేదు.

30 అక్టోబరు, గురువారం

రాత్రి పుణేరి పల్టన్ చేతిలో 45-50తో ఓడిపోయాం. ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద ఆగాం. కొన్నేళ్ళు అట్టడుగున పడి ఉన్న జట్టు ఇంతదాకా వచ్చిందంటే, ఒక్కడు మొయ్యలేదు, అందరూ మోశారు. అందుకే ఈ ఓటమికి కళ్ళు తడిసినా తల దించలేదు.

పొద్దున షిఫ్టుకి బయల్దేరుతుంటే చిన్నది తన రఫ్ నోట్సులోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. అందులో స్కోరు లేదు. మనవాళ్ళు లేచినప్పుడల్లా ఒక నిలువు గీత, అయిదు గీతలకొక అడ్డగీత. పైన 'బతికినోళ్ళు' అని రాసి ఉంది.

దాన్ని ఈ పుటలో అంటిస్తున్నాను.