మధ్యాహ్నం పన్నెండు దాటాక

కాఠ్మండూ
2015 మే 8

నాన్నగారికి,

క్షేమంగా చేరానని ముందు అమ్మతో చెప్పండి. మిగతాది తీరిగ్గా చదువుదురుగాని.

రక్సౌల్‌లో రైలు దిగి సరిహద్దు దాటితే బీర్‌గంజ్. అక్కడ గడియారం పావుగంట ముందుకు జరుపుకోవాలి. మాతోపాటు ఉత్తరానికి వస్తున్న లారీల నిండా టార్పాలిన్లు, రేకులు, బియ్యం బస్తాలు. ఎదురొచ్చే బస్సుల నిండా, టాపుల మీద కూడా, మనుషులు. కాఠ్మండూ లోయ వదిలి సొంతూళ్లకు పోతున్నవాళ్లు. ముగ్లింగ్ దగ్గర టీకి ఆగినప్పుడు మా డ్రైవరు ఆ వరసనీ ఈ వరసనీ చూసి, "వాళ్లు దిగిపోతున్నారు, మీరు ఎక్కుతున్నారు. ఎవరో ఒకరికి బుర్ర లేదు" అన్నాడు హిందీలో. బస్సులో ఎవరూ నవ్వలేదు.

ఊళ్లోకి వచ్చింది నిన్న సాయంత్రం. ఏప్రిల్ 25 భూకంపం నుంచి లెక్కేస్తే నిన్నటికి పదమూడో రోజు. కలంకీ కూడలి దాటి లోపలికి వస్తుంటే సందు సందుకీ గుండు గీయించుకుని తెల్లబట్టలు కట్టుకున్న మగవాళ్లు. మనవైపు కర్మ పట్టినవాడు వీధికొకడు కనిపిస్తేనే అయ్యో అంటాం. ఇక్కడ టీకొట్టు బల్ల మీద నలుగురు కూర్చుంటే నలుగురూ అలాగే ఉన్నారు. పోయినవాళ్లు 8 వేలకు దగ్గరపడ్డారని పేపర్లో చదివాను గాని, అదెంతో ఆ బల్ల దగ్గరే తెలిసింది.

టీవీ చూసి ఊరంతా నేలమట్టమైందని మీరు అనుకుంటూ ఉంటారు. కాలేదు. ధరహరా స్తంభం కూలింది, బసంతపూర్‌లో గుళ్లు కూలాయి, కాష్ఠమండపం ఇక లేదు. మూడు నాలుగంతస్తుల కాంక్రీటు ఇళ్లు మాత్రం చాలామటుకు నిలిచాయి. మీరు ఓవర్సీరుగా చేశారు కాబట్టి కారణం అడుగుతారు. ఈ లోయ ఒకప్పుడు సరస్సు. అడుగున లోతుగా మెత్తటి బంకమట్టి. 7.8 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఆ మట్టి గిన్నెలో గడ్డపెరుగు కదిలినట్టు నిదానంగా, ఒక్కో ఊపుకి నాలుగైదు సెకన్లు పట్టేలా ఊగింది. పొట్టి ఇళ్లకు ఆ ఊపు అంతగా తగల్లేదు. పొడుగాటి స్తంభానికి తగిలింది. రోజు కూడా శనివారం. ఇక్కడ వారం సెలవు శనివారమే కాబట్టి బళ్లలో పిల్లలు లేరు. పిల్లల్ని ఆ సెలవే కాచిందని ప్రతి ఒక్కరూ అంటున్నారు.

చిత్రమేమిటంటే నిలిచిన ఇళ్లలోనూ ఎవరూ లేరు. తుండీఖేల్ మైదానం అంతా డేరాలే. మాకు బస ఇచ్చినాయన రిటైరైన మాస్టారు. మూడంతస్తుల ఇల్లు, వెంట్రుకంత పగులు కూడా లేదు. అయినా ఇంటిల్లిపాదీ, అద్దెకున్నవాళ్లూ కూడా పెరట్లో కూరమళ్ల మధ్య ఒకే టార్పాలిన్ కింద పడుకుంటున్నారు. అతిథిని కదా అని నాకు మాత్రం మేడ మీద మంచం చూపించారు. నేనూ మీతోపాటే కింద పడుకుంటానన్నాక ఇంటావిడకి నా చదువు మీద నమ్మకం కుదిరింది.

రాత్రి రెండింటప్పుడు వచ్చింది. ముందు కుక్కలు మొరిగాయి. తర్వాత నేల లోపలినుంచి ఒక గురగుర. వెంటనే చుట్టుపక్కల పెరళ్లన్నిటిలోంచీ ఒక్కసారిగా "ఆయో, ఆయో!" అని, అంటే వచ్చింది వచ్చింది అని, అరుపులు. అంతా కలిపి పది సెకన్లు ఉంటుందేమో. అది ఆగాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత చీకట్లోనే వాదన మొదలైంది: 4.5 అని ఒకరు, కాదు 4.8 అని ఇంకొకరు. లైన్‌చౌర్‌లోని భూకంప కేంద్రం 4కి మించినవే పట్టీలో వేస్తుంది. మాస్టారి మనవలు దాని మీద బిస్కట్లు పందెం కాస్తున్నారు. పొద్దున్నే రేడియో పెట్టి చూస్తే పెద్దవాడు గెలిచాడు. మీరు కథలా చెప్పే 1969 భద్రాచలం భూకంపం 5.7. ఇక్కడ ఏడేళ్ల పిల్లాడు 4.6ని చప్పరించేస్తున్నాడు.

భక్తపూర్
మే 10

నాన్నగారికి,

రెండు రోజులుగా ఇక్కడే పని. ఇల్లిల్లూ చూసి తలుపు మీద స్టిక్కరు అంటించాలి. ఆకుపచ్చయితే ఉండొచ్చు, పసుపయితే జాగ్రత్తగా పరిమితంగా వాడుకోవాలి, ఎరుపయితే అడుగు పెట్టకూడదు. తీర్పు నేపాల్ ఇంజినీర్లది. ఫారం నింపడం, గోడకి టార్చి పట్టడం నాది.

ఈ ఊరు ఎర్ర ఇటుకల ఊరు. ఇటుకల మధ్య సిమెంటు కాదు, మట్టి. దానికి చెక్కిన కొయ్య కిటికీలు, పైన బరువైన పెంకు. కళ్లకి ఎంత అందమో కంపానికి అంత చేటు. ఉబ్బిన గోడలకు ఏటవాలుగా దుంగలు ఆనించారు, వాటి కిందనుంచి వంగి నడుస్తున్నాం. 1702లో కట్టిన ఐదు కప్పుల న్యాతపోల గుడి పెద్దగా దెబ్బతినకుండా నిలిచింది. దర్బారు చౌక్‌లో వత్సలా దుర్గ గుడి రాళ్లగుట్టగా ఉంది.

ఇక్కడి నేవారుల ఇంట్లో వంటిల్లు అన్నిటికంటే పై అంతస్తులో ఉంటుంది, దేవుడు కూడా అక్కడే. మడి కోసం, పరాయివాళ్లు తొక్కకుండా ఉండటం కోసం తరాలుగా ఉన్న ఏర్పాటు. ఇప్పుడు ఆడవాళ్లకి అదే గండమైంది. అన్నం వండాలంటే వీధి తలుపుకి అన్నిటికంటే దూరంగా వెళ్లి నిలబడాలి. అందుకని పొయ్యి కిందికి దించి నాలుగైదు ఇళ్లవాళ్లు చౌక్‌లో కలిసి వండుకుంటున్నారు. ఉప్పో పప్పో కావాలంటే ఒకావిడ పైకి పరిగెడుతుంది, ఇంకొకావిడ గుమ్మంలో నిలబడి తలుపు పట్టుకుంటుంది, ఊగి బిగుసుకుపోకుండా. మూడోది కింద ఉన్న నీళ్ల బిందె మీద కన్నేసి ఉంచుతుంది. నీళ్లు కదిలితే కేక వెయ్యాలి. ఎవరూ నేర్పలేదు, రెండు వారాల్లో కుదిరిపోయింది. స్నానాల గదికి పోయేటప్పుడు కూడా కాపలా ఉంటోంది. ప్రతి ఇంటి పెద్ద భుజానా ఒక సంచీ వేలాడుతోంది. అందులో లాల్‌పుర్జా, అంటే పొలం ఇల్లు పట్టా, పౌరసత్వ కాగితం, కాస్త బంగారం. రాత్రి చెప్పులు విప్పకుండా పడుకుంటున్నారు.

దీన్ని భయం అనొచ్చు. పట్నం నుంచి కారులో వచ్చిన ఒక పెద్దమనిషి నిన్న 'మూఢత్వం' అనే అన్నాడు, మళ్లీ అదే కారెక్కి పోయాడు. నాకు మాత్రం మనవైపు కొన్ని సైట్లలో చూసిన దానికంటే మెరుగైన భద్రతా ఏర్పాటు కనిపించింది.

మా బృందంలో ఒక కుర్ర ఇంజినీరు ఉన్నాడు, చదువు బాగా వంటబట్టినవాడు. చౌక్‌లో జనాన్ని కూర్చోబెట్టి వివరించాడు. పెద్ద కంపం తర్వాత వచ్చే చిన్నవి రోజులు గడిచేకొద్దీ పలచబడతాయని ఒమోరీ అనే జపాన్ శాస్త్రవేత్త 1894లోనే లెక్క కట్టాడు. వాటిలో అన్నిటికంటే పెద్దది కూడా అసలు దానికంటే సుమారు 1.2 తక్కువ ఉంటుందని బోథ్ అనే స్వీడన్ ఆయన సూత్రం. 7.8లోంచి 1.2 తీసేస్తే 6.6. ఏప్రిల్ 26న 6.7 వచ్చేసింది. లెక్క ప్రకారం గండం గడిచినట్టే. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒక నడివయసు రైతు లేచి, "ఈ లెక్క ఒక్క భూకంపానిదా, అన్నిటిదీ కలిపా?" అని అడిగాడు. అన్నిటి సగటు అన్నాడు మావాడు. "నా ఇల్లు ఒక్కటే బాబూ" అని ఆయన కూర్చున్నాడు.

ఆ చౌక్‌లోనే ఒక ముసలమ్మ ఉంది. వాళ్ల పంచాంగంలో 1990వ సంవత్సరం, మన లెక్కకి 1934 జనవరిలో వచ్చిన భూకంపాన్ని చూసిన మనిషి. అప్పటికి పలకా బలపం వయసట. ఆమె మాటకున్న విలువ మా స్టిక్కర్లకు లేదు. అప్పుడు పొలంలో గడ్డి పరుచుకుని పడుకున్నారట. లోపలికి ఎప్పుడు పోవచ్చో ఎవరు చెప్పారని అడిగాను. "వాన చెప్పింది" అంది.

భక్తపూర్
మే 12, రాత్రి

అమ్మా, నాన్నా,

నాకేమీ కాలేదు. ఫోను కలవడం లేదు. ఈ కాగితం రేపు ఇండియాకి పోయే ఎవరో ఒకరి చేతిలో పెడతాను.

ఇవాళ పొద్దున్న బజారు తెరిచారు. తాళాలు తీసే చప్పుడు విని మా బృందంలో అందరికీ హుషారొచ్చింది. 12.50కి నేను ఒక సందులో ఉన్నాను, పైన దుంగ, రెండు పక్కలా గోడలు. కాళ్ల కింద నేల పక్కకి జరిగింది. ముందున్నవాడు నా మణికట్టు పట్టి చౌక్‌లోకి లాగాడు. "ఆయో" అనే అరిచాను అమ్మా, తెలుగు నోటికి రాలేదు. ఊపు ఆగలేదు. ఆగుతుందనుకున్నప్పుడల్లా ఇంకాస్త ఊగింది. ఎక్కడో ఇటుకలు జారే చప్పుడు, తర్వాత దుమ్ము. దుమ్ములో ఎవరూ కనపడరు, గొంతులే. ప్రతివాళ్లూ ఒక పేరు పట్టుకుని పిలుస్తున్నారు.

7.3 అని తర్వాత తెలిసింది. దొలఖా, సింధుపాల్చోక్ జిల్లాల సరిహద్దులో పుట్టిందట. అరగంటకి మళ్లీ 6.3. ఆ మధ్యలో ఊరంతా పొలాల్లోకి వచ్చేసింది. గోధుమ కోసేసిన మళ్లలో వేలమంది కూర్చున్నారు. పిల్లల్ని లెక్కపెట్టుకుంటున్నారు, లెక్క సరిపోయినా మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతున్నారు. ఒకావిడ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కాఠ్మండూలో పార్లమెంటు సభ్యులు కూడా సభలోంచి పరుగు తీశారని రేడియోలో విని ఒక కుర్రాడు "ఇవాళ అందరం సమానం" అన్నాడు. ఆ మాటకి మాత్రం చాలామంది నవ్వారు.

సాయంత్రం మూడు గంటలప్పుడు ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నిన్న మేము ఆకుపచ్చ అంటించిన ఇంటాయన. స్టిక్కరు చిరగకుండా ఊడదీసి తెచ్చి నా చేతిలో పెట్టాడు. కోపం లేదు. "దిదీ, ఇది మీ దగ్గర ఉండనివ్వండి" అని వెళ్లిపోయాడు. స్టిక్కరు మాట నిలిచేది ఇంకో పెద్ద కంపం వచ్చేదాకానే, అది మాకు మొదటిరోజు చెప్పిన నిబంధనే. రేపటినుంచి అన్ని ఇళ్లూ మళ్లీ మొదటినుంచి చూడాలి.

కాఠ్మండూ
మే 18

నాన్నగారికి,

మీ ఫోను తర్వాత మనసు కుదుటపడింది. ఏప్రిల్ 25న విశాఖలో ఫ్యాన్లు ఊగితేనే అపార్ట్‌మెంట్ల జనం రోడ్డు మీదికి వచ్చారన్నారు కదా. ఇక్కడ 4కి మించినవే 200 దాటాయి. 12వ తేదీది బీహారులో కూడా మనుషుల్ని తీసుకుపోయింది.

7.3 అంటే 7.8తో పోలిస్తే విడుదలయ్యే శక్తి ఐదారో వంతు. కాగితం మీద చిన్నదే. కాని అప్పటికే వదులైన గోడల మీద పడింది. దొలఖాలో చరికోట్, సింగటి బాగా దెబ్బతిన్నాయి. ఇంకో సంగతి కూడా ఉంది. మొదటిసారి మనుషులు ఏడ్చారు, ఒకర్నొకరు తవ్వి తీశారు, వండి పెట్టుకున్నారు. ఈసారి మాటలు తగ్గిపోయాయి. డబ్బున్నవాళ్లు విమానాశ్రయం వైపు, లేనివాళ్లు మళ్లీ కలంకీ బస్సుల వైపు. మే 15న తెరుస్తామన్న బడులు 31కి వాయిదా పడ్డాయి, అవి కూడా వెదురు పందిళ్లలోనట.

పుకార్లకు కొదవ లేదు. ఇవాళ రాత్రి 9 వస్తుందని, నాసా చెప్పిందని. ఏ రోజున, ఏ ఊళ్లో, ఎన్ని గంటలకు అని చెప్పగల విద్య నాసాకే కాదు, ఎవరికీ లేదని నేను చెబుతూనే ఉంటాను. విని తల ఊపి దుప్పటి సర్దుకుంటారు. మొదటి భూకంపానికి ఇక్కడి కేంద్రం 7.6 అంటే అమెరికావాళ్లు 7.8 అన్నారు. కొలిచే పద్ధతుల తేడా అది. కొందరికి మాత్రం సర్కారు 0.2 దాచేసిందన్నమాట! ఇంకొందరు మచ్ఛీంద్రనాథుడి రథం చూపిస్తారు. 12 ఏళ్లకోసారి బుంగమతి నుంచి కదిలే ఆ వానదేవుడి రథం ఈ ఏడాదే బయల్దేరి దారిలో ఆగిపోయింది. రథం ఆగితే దేశానికి అరిష్టమని ఇక్కడ నమ్మకం. ఈసారి అరిష్టమే వచ్చి రథాన్ని ఆపింది కదా అంటే, ఏది ముందో తేల్చేవాడివి నువ్వెవరని మాస్టారు నా తరఫున వాదించిన వాళ్లబ్బాయినే గదమాయించారు.

పుకార్లలో నేను కొట్టిపారెయ్యలేకపోతున్నది ఒక్కటే. ఏప్రిల్ 25న 11.56, మర్నాడు 12.54, మొన్న 12.50. మూడు పెద్దవీ మధ్యాహ్నమే. కాబట్టి రోజూ పదకొండున్నరకి బజారు పలచబడుతుంది, బ్యాంకులో గుమాస్తా కూడా కిటికీ మూసి బయటికొచ్చి నిలబడతాడు. ఒంటిగంట దాటితే ఊరికి ఊపిరొస్తుంది. కాకతాళీయమేనని నాకు తెలుసు. రాత్రిపూట వచ్చిన చిన్నవి వందకి పైనే ఉంటాయి. అయినా పన్నెండయ్యేసరికి నేను కూడా ఏదో పని పెట్టుకుని పెరట్లోకి వస్తున్నాను. మాస్టారి భార్య నాకోసం అక్కడ పీట వేసి ఉంచుతోంది.

ఎల్లుండి మా బృందం చరికోట్ వైపు పోతుంది. ఇళ్లు చూసే పని కాదు, అక్కడ చూడటానికి పెద్దగా మిగల్లేదు. జూన్ రెండోవారానికల్లా వానలు పట్టుకుంటాయి, ఆలోపు కప్పు వెయ్యాలి. జనం ఇటుక వద్దంటున్నారు, రాయి వద్దంటున్నారు, నెత్తి మీద బరువు ఉండకూడదంటున్నారు. వెదురూ జస్తా రేకూ అయితే చాలట. మీరు 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో గాలికి లేవకుండా రేకులు కట్టించిన పద్ధతి చెప్పేవారు, వాసానికి తీగ రెండుసార్లు తిప్పి ఎక్కడో మెలిక వేయించేవారని. ఆ మెలిక ఎక్కడో గుర్తు రావడం లేదు. ఒక కాగితం మీద బొమ్మ గీసి, తమ్ముడి చేత ఫోటో తీయించి నాకు పంపించండి. తీగ ఏ గేజిదో కూడా రాయండి.