డీజిల్‌లో కానుగ నూనె కలుపుతారంట, మరి మన గింజ ధర మాటేంటి?

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. పని అయ్యాక తీరిగ్గా చదవండి, కానీ చివరి దాకా చదవండి.

పోయిన వారం మా ఊరికి ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద వచ్చారు. చేతిలో కాగితాలు ఉన్నాయి. మెట్ట భూమిలో కానుగ మొక్కలు వేయండి, మొక్కలు మేమే ఇస్తాం, గింజ మేమే కొంటాం, ఆ నూనెతో బయోడీజిల్ చేస్తాం అన్నారు. సంతకం పెడితే చాలు, పైసా ఖర్చు లేదన్నారు. మా అబ్బాయి సాయంత్రం అడిగాడు, "నాన్నా, పై ఎకరం ఇచ్చేద్దామా? ఎలాగూ చోడి వేస్తే కూలి కూడా రావట్లేదు కదా" అని.

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. కానీ నేను వెంటనే సరే అనలేకపోయాను. ఎందుకో చెప్తాను. ఇలాంటి కాగితం మీ ఊరికి కూడా రావొచ్చు.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2018లో జీవ ఇంధనాల విధానం తెచ్చింది. అందులో 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని రాసుకున్నారు. ఇప్పటికి ఒక్క శాతం కూడా దాటలేదు. పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా వచ్చేసింది గానీ డీజిల్ దగ్గర బండి కదలలేదు. ఎందుకంటే ఇథనాల్‌కి చెరకు ఉంది, మొక్కజొన్న ఉంది, నూకలు ఉన్నాయి. బయోడీజిల్‌కి నూనె కావాలి. మన దేశంలో తినడానికే నూనె చాలక సగానికి పైగా బయట నుంచి తెచ్చుకుంటున్నాం.

దేశంలో ఏడాదికి సుమారు 9 కోట్ల టన్నుల డీజిల్ వాడుతున్నారు. అందులో 5 శాతం అంటే 45 లక్షల టన్నులు. గానుగలో 100 కిలోల కానుగ గింజ ఆడిస్తే 25 కిలోలు అటూ ఇటూగా నూనె వస్తాది. అంటే మొత్తం కానుగతోనే చేయాలంటే 180 లక్షల టన్నుల గింజ కావాలి. ఇది ఒక్క చెట్టుతో అయ్యే పని కాదు. అందుకే కాకినాడలో ఉన్న పెద్ద ఫ్యాక్టరీ లాంటివి కూడా పామాయిల్ తీశాక మిగిలే గడ్డ నూనె, హోటళ్ళలో వాడేసిన నూనె, జంతువుల కొవ్వు లాంటివి వాడతాయి. సరుకు దొరికితేనే ఫ్యాక్టరీ తిరుగుతాది, లేకపోతే ఆగుతాది.

కాబట్టి వాళ్ళకి మన గింజ అవసరం ఉన్న మాట నిజం. అవసరం వాళ్ళది అయినప్పుడు షరతులు మనం కూడా చెప్పొచ్చు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు నా సొంత కథ. అప్పట్లో, 2003 నుంచి, జట్రోఫా అని పెద్ద ఊపు వచ్చింది. మనం అడవాముదం అంటాం. నీళ్ళక్కర్లేదు, ఎరువక్కర్లేదు, బంజరులో కూడా పండుతాది, లీటర్ల కొద్దీ డీజిల్ అన్నారు. 2009లో వచ్చిన విధానంలో అయితే 2017 నాటికి 20 శాతం కలపాలని రాశారు. నేను ఇంటర్ దాకా చదివినోణ్ణి, పేపర్లో చదివి నమ్మాను. 2006లో అర ఎకరం మెట్టలో వేశాను. అంతకుముందు అందులో సామలు, వలిసెలు వేసేవాళ్ళం.

మొక్కలు చావలేదు. అది నిజమే. కానీ కాయ రాలేదు. నీళ్ళు లేకుండా చెట్టు బతుకుతాది గానీ కాపు ఇవ్వదని మనకి ఎవరూ చెప్పలేదు. మూడో ఏడు రెండు గోనెలు గింజ వచ్చింది. సంతకి మోసుకెళ్తే అడిగినోడు లేడు. మొక్కలు ఇచ్చినవాళ్ళు మళ్ళీ కనపడలేదు. సాయంత్రం ఆ గోనెలే మళ్ళీ నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాం. ఆ గింజ విషం, పిల్లలు నోట్లో పెడితే వాంతులు. చివరికి గొయ్యి తీసి పాతేశాం. చెట్లు వేళ్ళతో పీకడానికి ఇంకో ఏడు పట్టింది.

అర ఎకరమే కదా అనుకోవద్దు. ఆ అర ఎకరం సామలే మాకు వానాకాలం గంజి. నాలుగేళ్ళు ఆ గంజి కొనుక్కుని తాగాం. మా ఇంటావిడ ఇప్పటికీ ఎవరైనా కొత్త మొక్క తెస్తే "ఇది కూడా నూనె మొక్కేనా" అని అడుగుతాది.

అప్పుడు జరిగిన తప్పేంటో నాకు తర్వాత అర్థమైంది. మొక్క నాటే లెక్క ఉంది, గింజ కొనే లెక్క లేదు. శాతం ముందు రాశారు, రైతు తర్వాత గుర్తొచ్చాడు.

ఇక కానుగ సంగతి. కానుగ మనకి కొత్త కాదు. గెడ్డల ఒడ్డున, దారుల పక్కన తరాల నుంచి ఉంది. ఆకు దమ్ములో వేసి తొక్కుతాం, పుల్లతో పళ్ళు తోముకుంటాం, చెక్క పొలానికి వేస్తాం. వేరులో నత్రజని పడుతుంది కాబట్టి నేలకి మంచిది. నూనె చేదు, తినడానికి పనికిరాదు, కాబట్టి వంటింటి నూనెకి పోటీ రాదు. జట్రోఫా కంటే వెయ్యి రెట్లు నమ్మకమైన చెట్టు.

కానీ నూనె వేరు, బయోడీజిల్ వేరు. ఈ తేడా తెలియక నేను రెండో తప్పు చేశాను. కొన్నేళ్ళ కిందట డీజిల్ ధర పెరిగినప్పుడు, కింద మైదానంలో గానుగకి వెళ్ళి ఒక డబ్బా కానుగ నూనె ఆడించుకొచ్చాను. గుడ్డతో వడగట్టి, సగం డీజిల్ సగం నూనె కలిపి పవర్ టిల్లర్‌లో పోశాను. మొదటి రెండు రోజులు బాగానే నడిచింది. నేను గొప్పగా అందరికీ చెప్పాను కూడా. జనవరి చలి వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ అవ్వదు. అయినా తెల్ల పొగ. తర్వాత ఫిల్టర్ మూసుకుపోయింది. మెకానిక్ విప్పి చూస్తే నాజిల్ మీద బొగ్గు గట్టిగా పట్టేసి ఉంది. "మావా, దీపానికి పోసేది దీంట్లో పోశావేంటి" అన్నాడు. ఆదా చేసిన డీజిల్ డబ్బుకి నాలుగింతలు బాగుకి పెట్టాను.

పచ్చి నూనె డీజిల్ కంటే చాలా చిక్కన. దాన్ని మిథనాల్, కాస్టిక్ వేసి మార్చాలి. అప్పుడు గ్లిజరిన్ కిందికి దిగిపోతాది, పైన తేలేది బయోడీజిల్. మిథనాల్ విషం, నిప్పు అంటుకునే సరుకు, కాస్టిక్ చర్మం కాలుస్తాది. ఇంట్లో డబ్బాలో చేసే పని కాదు, ఎవరూ ప్రయత్నం చేయొద్దు.

ఇక్కడే మన చేతిలో ఉన్న విషయం ఒకటుంది. తడి గింజని గోనెలో కుక్కి పెడితే బూజు పడుతుంది, లోపల నూనె పులుస్తాది. అలాంటి నూనెలో కాస్టిక్ వేస్తే బయోడీజిల్ బదులు సబ్బు వస్తాది. ఫ్యాక్టరీ దాన్ని బాగు చేయడానికి ఖర్చు పెట్టాలి, ఆ ఖర్చు గింజ ధరలో కోస్తాది. బయోడీజిల్‌కి మన దేశంలో ఐ.ఎస్. 15607 అనే ప్రమాణం ఉంది. కిలో బయోడీజిల్‌లో నీళ్ళు అర గ్రాము దాటకూడదు. పులుపుకి కూడా హద్దు ఉంది. నిలవ ఉంటే చెడకుండా ఎన్ని గంటలు ఆగుతాదో పరీక్ష కూడా ఉంది. ఇవన్నీ ప్రయోగశాలలో చూస్తారు గానీ, మొదలయ్యేది మన కళ్ళంలోనే.

నాణ్యత గురించి ఇంకో మాట. రేషన్‌లో ఇచ్చిన పామాయిల్ ప్యాకెట్ మన చలికి గడ్డకట్టడం అందరూ చూసిందే. పామాయిల్‌తో చేసిన బయోడీజిల్‌కి కూడా ఆ గుణం కొంత ఉంటుంది. 5 శాతం కలిపితే మనకి పెద్ద తేడా తెలియదు. ఇప్పుడు బంకులో అమ్మే డీజిల్ ప్రమాణం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది. కానీ 20, 30 శాతానికి పోతే విశాఖలో నడిచే బండికి, అరకులో జనవరి పొద్దున స్టార్ట్ చేసే టిల్లర్‌కి ఒకే ఇంధనం సరిపోదు. ఏ నూనెతో చేశారు, ఏ కాలంలో ఇస్తున్నారు అన్నది చూడాలి. బయోడీజిల్ గాలిలో తేమ కూడా లాగుతాది. పాత ట్యాంకులో పేరుకున్న మురికిని కడిగి ఫిల్టర్‌లోకి తెస్తాది. శాతం పెరిగిన రోజు మనం డీజిల్ డ్రమ్ములో నెలల తరబడి నిలవ పెట్టే అలవాటు మానుకోవాలి, ఫిల్టర్ త్వరగా మార్చుకోవాలి.

శాతం తొందరపడి పెంచితే ఏమవుతుందో ఇండోనేషియాని చూడండి. అక్కడ పామాయిల్ మెండుగా ఉంది, 2025 నుంచి డీజిల్‌లో 40 శాతం కలుపుతున్నారు. అదే దేశం 2022లో వాళ్ళ ఇళ్ళలో వంటనూనె ధర పెరిగిపోతే ఏప్రిల్ చివర నుంచి మూడు వారాలకి పైగా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మన సంతలో నూనె ప్యాకెట్ ధర ఆ రోజుల్లో ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. అన్ని తోటలున్న దేశానికే వంటింటికీ ఇంజిన్‌కీ మధ్య తగువు వచ్చింది. నూనె కొనుక్కుని తినే మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

మరి మంచి దారి లేదా అంటే ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అని గోండుల ఊరు ఉంది. అక్కడ ఆడవాళ్ళ సంఘాలు కానుగ నాటాయి, ఊళ్ళోనే నూనె మిల్లు నడిపాయి. ఆ నూనె డీజిల్ బదులు వాడితే ఎంత పొగ తగ్గుతాదో లెక్క కట్టి, 147 టన్నుల లెక్కని 2003లో ప్రపంచ బ్యాంకుకి 645 డాలర్లకి అమ్మారు. అప్పటి లెక్కలో దగ్గర దగ్గర 30 వేల రూపాయలు. పెద్ద డబ్బు కాదు. కానీ మిల్లు వాళ్ళ ఊళ్ళో ఉంది, చెక్క వాళ్ళ పొలానికే పోయింది, లెక్క వాళ్ళ పుస్తకంలో ఉంది. నాకు నచ్చింది అది.

అందుకే ఆ కుర్రాళ్ళ కాగితం వెనక్కి ఇచ్చేటప్పుడు నేను ఐదు ప్రశ్నలు రాసి ఇచ్చాను. మీరూ అడగండి.

ఒకటి, కానుగ సరిగ్గా కాయడానికి ఐదారేళ్ళు పడుతుంది. ఆ రోజు కిలోకి తక్కువలో తక్కువ ఎంత ఇస్తారు? కాగితం మీద ఉండాలి.

రెండు, బాగా ఎండిన గింజకి, తడి గింజకి ఒకే ధరా? ఎండబెట్టిన కష్టానికి ఎక్కువ ఇవ్వకపోతే ఎవరూ ఎండబెట్టరు. అప్పుడు మీ ఇంధనం కూడా బాగుండదు.

మూడు, తూకం ఎక్కడ? మా సంతలో వేస్తారా, మేం ఘాట్ రోడ్డు దిగి రావాలా?

నాలుగు, నూనె తీశాక చెక్క మాకు తిరిగి ఇస్తారా?

ఐదు, మీరు కొనకపోతే మేం ఎవరికైనా అమ్ముకోవచ్చా? మన గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో కానుగ గింజ ఉంది. ఆ దారి మూసేసే కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టొద్దు.

ఇప్పటికే చెట్లున్నవాళ్ళకి ఒక మాట. కాయ ముదిరి గోధుమరంగు వచ్చాక కొట్టండి. వేసవి జల్లు పడకముందే ఎండకి ఆరేసి ఒలవండి. గింజ విరిస్తే పటుక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. ప్లాస్టిక్ సంచి వద్దు, గోనె సంచిలో పోసి నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. పోయినేటి గింజ కలపొద్దు. అమ్మే ముందు సహకార సంస్థ ధర ఎంతుందో కనుక్కోండి. ఏరేది, ఒలిచేది ఎక్కువగా మన ఆడవాళ్ళే, ఆ డబ్బు వాళ్ళ చేతికే పోనివ్వండి.

మా అబ్బాయికి ఏం చెప్పానంటే, పై ఎకరంలో చోడి వేద్దాం, అది తిండి. గెడ్డ ఒడ్డున, గట్ల మీద 20 కానుగ మొక్కలు నాటుదాం. ఎవరూ కొనకపోయినా ఆకు మన మడికి పనికొస్తాది, ఒడ్డు కోసుకుపోకుండా ఉంటాది. వాడు కొంచెం గొణిగాడు గానీ గోతులు తీయడం మొదలెట్టాడు. వాళ్ళమ్మ చూసి, "ఇది కూడా నూనె మొక్కేనా?" అంది. నేనేం మాట్లాడలేదు.

దేశం డీజిల్ తక్కువ కొనుక్కోవాలి, దానికి నేను అడ్డం కాదు. 5 శాతం కాదు, 10 శాతం చేయండి. కానీ మొక్క కంటే ముందు ధర రావాలి, చోడి చేను జోలికి రాకూడదు.

ఆ కుర్రాళ్ళ దగ్గర నుంచి ఇంకా కబురు రాలేదు. వస్తే ఏమన్నారో మళ్ళీ రాస్తాను. మీ ఊరికి వచ్చిన కాగితంలో ఏముందో, కానుగ గింజ మీ సంతలో ఎంత పలుకుతోందో మీరు కూడా చెప్పండి.