పది సెంట్ల దాత

ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా
జూన్ మొదటి వారం

ఒరేయ్ ఆడిటరూ,

నీ ఉత్తరం అందింది. మోకాలి నొప్పి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, నా లైబ్రరీ చందాల మీద మాత్రం పేజీన్నర వెక్కిరింపు రాశావు. "నూటికి తొంభై సర్కారు తిరిగిచ్చేస్తుంటే చందా ఇచ్చినవాడు చేసేది దానమెట్లా అవుతుందిరా?" అన్నావు. అడిగావు గనక చెబుతాను. లైబ్రరీ కమిటీలో కూర్చుని ఈ లెక్కలన్నీ నోటికొచ్చేశాయి, వినేవాడు లేక అల్లాడుతున్నాను.

ఇక్కడి పద్ధతి పేరు ఎడ్యుకేషనల్ ఇంప్రూవ్‌మెంట్ టాక్స్ క్రెడిట్. పెన్సిల్వేనియా రాష్ట్రం 2001లో తెచ్చింది. ఆమోదం పొందిన సంస్థకు కంపెనీ ఒక ఏడాది చందా ఇస్తే అందులో 75 శాతం, వరసగా రెండేళ్లు ఇస్తానని ఒప్పుకుంటే 90 శాతం, రాష్ట్రానికి కట్టాల్సిన పన్నులోంచి తగ్గిపోతుంది. కంపెనీకి ఏడాదికి 7,50,000 డాలర్లు గరిష్ఠం. తగ్గేది ఆదాయంలోంచి కాదు, పన్నులోంచి. ఈ తేడా నీకు చెప్పడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే అనుకో. అక్కడ నీ క్లయింటు ఎవరైనా ఆదాయపు పన్ను పాత పద్ధతిలో 30 శాతం శ్లాబులో ఉండి, చందాలో సగానికి మినహాయింపు దొరికే సంస్థకు 10,000 రూపాయలిచ్చాడే అనుకుందాం. సెస్సు వదిలేస్తే అతనికి మిగిలేది 1,500. ఇక్కడివాడు 10,000 డాలర్లిచ్చి 9,000 మిగుల్చుకుంటాడు. ఫెడరల్ పన్నులో మళ్లీ అదే పదివేలూ చందాగా చూపించుకుంటానంటే కుదరదు. రాష్ట్రమిచ్చే క్రెడిట్ 15 శాతం దాటితే ఆ మేరకు మినహాయింపు కోసుకోవాలని 2019లో ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ నిబంధన పెట్టింది. వ్యాపార ఖర్చుగా రాసుకునే దారి కంపెనీలకు ఇంకా ఉందిలే. ఆ చిక్కుముడి ఫోన్లో విప్పుకుందాం, నీకు పండగ.

లైబ్రరీకి ఇందులో ఏం పని అంటావేమో. బడి చెప్పే మామూలు పాఠం కాకుండా, ఆ పాఠానికి బలమిచ్చే కొత్తరకం కార్యక్రమం నడిపే సంస్థలకు ఈ చట్టంలో చోటుంది. లైబ్రరీలు ఆ దారినే దరఖాస్తు పెట్టి జాబితాకెక్కుతాయి. పిల్లల సైన్సు క్లాసులు దానికి అచ్చంగా సరిపోతాయి. ఈ పద్ధతి పుట్టకముందే, 1986 నుంచీ, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల లైబ్రరీల్లో ఒక మందుల కంపెనీ డబ్బుతో వేసవి సైన్సు క్లాసులు ఉచితంగా జరుగుతూ వచ్చాయి. తర్వాత దాని పేరు జిఎస్‌కె సైన్స్ ఇన్ ద సమ్మర్ అయింది. ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ అనే సైన్సు మ్యూజియం తోడు నిలిచింది. అంత పెద్ద అండ ప్రతి ఊరి లైబ్రరీకీ దొరకదు కదా.

పోయిన వేసవి మా లైబ్రరీ కింది గదిలో పిల్లల చేత స్ట్రాబెర్రీ డీఎన్‌ఏ తీయించారు. నువ్వు చూడాల్సిందిరా. జిప్ కవర్లో పండు వేసి చేత్తో పిసకడం, గిన్నెలు తోమే సబ్బునీళ్లూ చిటికెడు ఉప్పూ కలపడం, కాఫీ ఫిల్టరులో వడకట్టడం, ఆ ఎర్రనీళ్ల మీద చల్లటి రబ్బింగ్ ఆల్కహాలు గాజు గోడ వెంట మెల్లగా ఒంపడం. కాసేపటికి రెండు ద్రవాల మధ్య తెల్లగా పోగులు లేస్తాయి. మన కణాల్లో క్రోమోజోముల వరసలు రెండైతే తోటల్లో పండే స్ట్రాబెర్రీకి ఎనిమిది, అందుకే అంత ధారాళంగా కనిపిస్తుంది. ఒక పిల్ల ఐస్‌క్రీమ్ పుల్లతో ఆ పోగుల్ని పైకి చుట్టి, "ఇది తింటే ఏమవుతుంది?" అని అడిగింది. రోజూ తింటూనే ఉన్నావమ్మా అన్నాడు నేర్పించే కుర్రాడు. క్లాసంతా గొల్లుమంది. పండ్లకీ సబ్బుకీ ఎంతవుతుంది చెప్పు? ఖర్చల్లా అలా జవాబు చెప్పగలిగిన మనిషి జీతానికే.

ఇక నీ ప్రశ్న. నువ్వన్నది నిజమే, దాత జేబులోంచి పోయేది డాలరుకు పది సెంట్లు. కానీ మిగిలిన తొంభై ఎటు పోవాలో చెప్పే పెత్తనం రాష్ట్రం అతని చేతిలో పెట్టింది. నాకు గుచ్చుకునేది అది. ఇక్కడ మందుల కంపెనీలూ ఐటీ ఆఫీసులూ ఉన్నాయి గనక మా లైబ్రరీకి చందా అడగడానికి ఇళ్లున్నాయి. బొగ్గు గనులు మూతపడ్డ ఊళ్లలో లైబ్రేరియన్ ఏ తలుపు తడుతుంది? రాష్ట్రంలో ఎక్కడి సంస్థకైనా ఇవ్వొచ్చని చట్టం అంటుంది. మనిషి మాత్రం తన ఊరికే ఇస్తాడు. పైగా ఈ క్రెడిట్లలో పెద్ద వాటా ప్రైవేటు బడుల స్కాలర్‌షిప్‌లకు పోతుంది, మా బోంట్లది చిన్న వంతు. దాని మీద ఇక్కడ జరిగే రాజకీయం రాస్తే కాగితం చాలదు.

కార్నెగీ పద్ధతి ఇందుకు పూర్తిగా తలకిందులు. పిట్స్‌బర్గ్ ఉక్కుతో గడించిన ఆ పెద్దమనిషి అమెరికాలో ఊరూరా లైబ్రరీ భవనాలకు డబ్బిస్తూ ఒక మెలిక పెట్టేవాడు. స్థలం ఊరివాళ్లే ఇవ్వాలి, భవనానికిచ్చిన సొమ్ములో పదో వంతు ఏటా ప్రజల పన్నులోంచి నిర్వహణకు కేటాయించాలి. అంటే అతని దానం సర్కారు ఖజానాను తెరిపించింది. ఈ క్రెడిట్ ఆ ఖజానాకు రావాల్సింది దారిలోనే మళ్లిస్తుంది. నన్నడిగితే కార్నెగీ మెలికే మేలు.

మన తెలుగునాట మాత్రం తక్కువా? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. దాత దయతో పనిలేదు, ఊళ్లో ఇల్లున్న ప్రతివాడూ దాతే. కాగితం మీద ఇంతకన్నా చక్కటి ఏర్పాటు నాకు కనిపించలేదు. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు జమ కాక బకాయి పడుతుందన్న గోల నువ్వే నాకు చెబుతుంటావు. అక్కడ పద్ధతి బాగుండి డబ్బు రాదు, ఇక్కడ పద్ధతి వంకరగా ఉండి డబ్బొస్తుంది. స్ట్రాబెర్రీలు కొనాల్సినవాణ్ని, నేను వచ్చే డబ్బు వైపే నిలబడతాను. దాత పేరు బోర్డు మీద రాయమంటే రాయిస్తాను, పది సెంట్లకు తగిన సైజు అక్షరాల్లో.

అసలు పని ఇప్పుడు చెబుతున్నాను. మీ తమ్ముడి కన్సల్టెన్సీ ఈ రాష్ట్రంలోనే, హారిస్‌బర్గ్‌లో ఉంది కదా, వాడి చేత మా లైబ్రరీకి చందా ఇప్పించు. కొత్తగా చేరే కంపెనీల దరఖాస్తులు జులై 1న తెరుస్తారు. ముందొచ్చినవారికి ముందు, ఒకే రోజు వచ్చినవాటిని లాటరీలా తీస్తారు. కేటాయింపు అయిపోతే అంతే సంగతులు. వాడిది ఎస్ కార్పొరేషన్ అయితే క్రెడిట్ వాడి సొంత ఆదాయపు పన్నుకు వాడుకోవచ్చు. ఇక్కడ ఆ పన్ను 3.07 శాతం. కాబట్టి పదివేలిస్తే వచ్చే 9,000 క్రెడిట్ పూర్తిగా వాడుకోవాలంటే దాదాపు మూడు లక్షల డాలర్ల ఆదాయం చూపించాలి. అంత లేకపోతే పదివేలు వద్దు, ఏటా మూడువేలు చాలని చెప్పు. 2,700 క్రెడిట్‌కి తొంభైవేల లోపు ఆదాయం సరిపోతుంది. ఆమోదం ఉత్తరం వచ్చాక 60 రోజుల్లో చెక్కు పంపాలని కూడా గట్టిగా చెప్పు. ఆ కాగితం ఏ సొరుగులోనో పడేసి మరిచిపోయేవాళ్లు బోలెడుమంది, వాడి సొరుగు నాకు తెలుసు.

నేనడిగితే గుడికి ఇచ్చానంటాడు. నువ్వు అన్నవి, అందులోనూ ఆడిటరువి. ఈ ఆదివారం వాడికి ఫోను చేసి, వాడి అకౌంటెంట్ నంబరు నాకు పంపించు.

నీ
లైబ్రరీ ముష్టివాడు